తేదీ లేని కార్డు బయటికి పోకూడదు: మహమ్మారి సమాచార ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

గాలి ద్వారానో తుంపర్ల ద్వారానో పాకే కొత్త జబ్బు ఏదైనా మహమ్మారిగా మారినప్పుడు సరైన ఆరోగ్య సమాచారం వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లలో జనానికి అందాలి. అందుకు కావలసిన సరంజామానంతా ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం ఈ ప్రాజెక్టు. జబ్బు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. కోవిడ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఫిబ్రవరి 15న మ్యూనిక్‌లో దాని అధిపతి టెడ్రోస్, పోరాటం జబ్బుతోనే కాదని, 'ఇన్ఫోడెమిక్'తో (జబ్బుతో పాటు పాకే తప్పుడు సమాచారపు వెల్లువతో) కూడా అని చెప్పాల్సి వచ్చింది. మధ్యలో ఉన్నది పదహారు రోజులు.

జట్టులో ఆరుగురు: ఒక డాక్టరు, ఒక నర్సు, ఇద్దరు రాసేవాళ్లు, ఒక డిజైనరు, పంపిణీని, జనం ప్రశ్నలు వచ్చే ఇన్‌బాక్స్‌ను చూసేవాళ్లు ఒకరు. పెట్టుకున్న గడువులు రెండు. కొత్త మార్గదర్శకం వెలువడిన 6 గంటల్లో కార్డు (ఒక్క సంగతిని చెప్పే, ఫోన్లలో పంచుకునే బొమ్మ) తయారవ్వాలి. ప్రాణం తీసే పుకారుకు 2 గంటల్లో జవాబు వెళ్లాలి. డాక్టరు, నర్సు ఇద్దరూ సరే అనకుండా ఏదీ బయటికి పోదు. ఒకరు అందుబాటులో లేకపోతే ఆ కార్డు ఆగాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు.

1వ వారం: మూలాల పట్టిక

డిజైన్ జోలికి పోకుండా ముందు ఒక స్ప్రెడ్‌షీట్ కట్టాం. జనానికి చెప్పబోయే ప్రతి వాక్యానికీ ఒక వరస. గడులు ఇవి: వాక్యం, మూలం, మూలం వెలువడిన తేదీ, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, ఎంత గట్టిది, మళ్లీ ఎప్పుడు చూడాలి, ఏ కార్డులో వాడాం.

'ఎంత గట్టిది' అన్న గడికి మూడే జవాబులు: తేలింది, ఇప్పటికి తెలిసింది, ఇంకా తెలియదు. ఈ గడి ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి 2020లోనే రెండు ఉదాహరణలున్నాయి. మనిషి నుంచి మనిషికి పాకుతుందనడానికి ప్రాథమిక విచారణలో స్పష్టమైన ఆధారం దొరకలేదని చైనా అధికారులు చెప్పినట్టు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జనవరి 14న ట్వీట్ చేసింది. 'ఆధారం దొరకలేదు' అన్న మాటను జనం 'పాకదు' అని చదువుకున్నారు. జనవరి 20కల్లా పాకుతుందని చైనాలోనే నిర్ధారించారు. రెండోది ఇంకా గట్టిగా తగిలింది. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని, అదే వాస్తవమని, మార్చి 28న అదే సంస్థ ఖాతా నుంచి పోస్ట్ వచ్చింది. తలుపులు, కిటికీలు మూసిన గదుల్లో గాలి ద్వారా వ్యాపిస్తుందని తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చినా, ఆ పాత పోస్ట్ చేతులు మారుతూనే ఉండిపోయింది.

అందుకని పట్టికలో ఒక నియమం రాసుకున్నాం: 'ఆధారం లేదు' అన్న మాట కార్డు మీద రాయకూడదు. దాని బదులు, 'లేదని పరీక్షించి తేల్చారు' అనో, 'ఇంకా ఎవరూ తేల్చలేదు, తేలేదాకా ఇలా చేయండి' అనో రాయాలి. రెండో వాక్యం పొడుగు, చూడ్డానికి అంత బాగోదు. అయినా అదే నిజం.

'ఎవరికి వర్తించదు' గడి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు సంగతి చూశాక చేర్చాం. 2020 జూన్ 16న బ్రిటన్‌లో 'రికవరీ' అనే పేరుతో జరిగిన మందుల పరీక్ష ఫలితం వెల్లడైంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ఆ మందు మరణాలను సుమారు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలేమీ కనబడలేదు. ఈ రెండో వాక్యం లేకుండా మొదటి వాక్యం ఒక్కటే ఫార్వర్డ్ అయితే ఏమవుతుంది? ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్లు చౌకగా దొరికే స్టెరాయిడ్ మింగుతారు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. కాబట్టి 'ఎవరికి కాదు' అన్నది కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉండకూడదు. అసలు వాక్యంలోనే భాగమై పోవాలి: 'ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన రోగులకు ఆస్పత్రిలో ఇచ్చే మందు ఇది, ఇంట్లో వాడేది కాదు.'

2వ వారం: బ్లీచ్ కార్డు, నాలుగు రూపాలు

మొదటి కార్డుకు బ్లీచ్ ద్రావణాన్ని ఎంచుకున్నాం. లెక్క తప్పితే హాని చేసే విషయం కాబట్టి పద్ధతిని పరీక్షించడానికి సరిగ్గా సరిపోతుంది. తలుపు పిడులు, బల్లలు తుడవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గాఢత 0.1 శాతం క్లోరిన్. రక్తం, వాంతి లాంటివి ఎక్కువగా పడిన చోట 0.5 శాతం.

మొదటి రూపంలో ఆ శాతాలే రాశాం. కార్డును నాలుగు ఫోన్ల మధ్య వరుసగా ఫార్వర్డ్ చేసి, మధ్యలో రెండుసార్లు స్క్రీన్‌షాట్ తీసి చూశాం. బొమ్మ ప్రతిసారీ కుదించుకుపోయి చివరికి దశాంశ బిందువు మాయమైంది. 0.5 కాస్తా 05 అయింది. అది చూసినవాళ్లు 5 శాతం అనుకుంటే సీసాలో ఉన్నది ఉన్నట్టే వాడేస్తారు. ఆ రోజు నుంచి ఏ కార్డు మీదా దశాంశ బిందువు లేదు.

రెండో రూపంలో 'ఒక లీటరు నీళ్లకు ఒక మూత' అని రాశాం. మూతలన్నీ ఒకే కొలతలో ఉండవు, కొట్టేశాం.

మూడో రూపంలో టీ చెంచా లెక్క పెట్టాం. చెంచా 5 మిల్లీలీటర్లు. సీసా మీద 5 శాతం అని ఉంటే, 0.1 శాతం ద్రావణానికి ఒక వంతు బ్లీచ్‌కు 49 వంతుల నీళ్లు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, నాలుగు చెంచాలు. సూత్రం సులువే: సీసా శాతాన్ని కావలసిన శాతంతో భాగించి ఒకటి తీసేస్తే ఎన్ని వంతుల నీళ్లో వస్తుంది. నిక్కచ్చిగా చూస్తే 980 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి, కానీ లీటరు నిండా నీళ్లు తీసుకుని నాలుగు చెంచాలు కలిపినా తేడా లెక్కలోకి రానంత. కార్డు మీద 980 అని రాస్తే ఎవరూ కొలవరు, అందుకే లీటరు అనే ఉంచాం. ఇక్కడ తగిలిన చిక్కు వేరు: సీసాలన్నీ 5 శాతం కావు. 4 శాతం సీసా అయితే ఐదు చెంచాలు కావాలి. కాబట్టి నాలుగో రూపంలో మొదటి అడుగు 'సీసా మీద శాతం ఎంతుందో చూడండి' అయింది. దాని కింద 4 శాతానికి ఐదు చెంచాలు, 5 శాతానికి నాలుగు చెంచాలు అని రెండే వరసలు. ఇంకో శాతం ఉన్నవాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగాలి.

హెచ్చరికల్లో ప్రతిదానికీ కారణం కలిపే రాశాం, ఎందుకంటే కారణం తెలియని హెచ్చరిక ఎక్కువ రోజులు గుర్తుండదు. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లతో కలిపితే క్లోరమిన్ వాయువులు వస్తాయి. ముందు సబ్బు నీళ్లతో మురికి తుడవాలి, లేకపోతే క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి, మర్నాటికి బలం తగ్గుతుంది. మనుషుల మీద చల్లకూడదు. తాగకూడదు. ఈ చివరి రెండూ అందరికీ తెలిసినవే కదా అన్న మాట చర్చలో వచ్చింది. తెలియనివాళ్లు ఒక్కరున్నా చాలు కాబట్టి ఉంచాం.

ఇంకో సంగతి: 'చల్లకూడదు', 'తాగకూడదు' అన్న మాటలు కార్డు చివరి అంచున ఉంటే ఎవరో ఒకరు కత్తిరిస్తారు. ప్రొఫైల్ బొమ్మల కోసం, స్టేటస్ కోసం అడుగు భాగం తరచూ పోతుంది. అందుకే హెచ్చరికను కొలతకు ఆనుకునే పెట్టాం. ఒకటి కత్తిరించాలంటే రెండోది కూడా పోవాలి.

3వ వారం: అక్షరాలు, మాటలు

డిజైనర్‌కు ఈ వారం నిద్ర లేదు. తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా రావడం కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో అంత తేలిక కాదు. సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల అమరికను ఆన్ చేయకపోతే 'అస్వస్థత'లో వత్తు పక్కకు జారి పొల్లు పైకి లేస్తుంది. పరీక్షకు ఒక వాక్యం తయారు చేసుకున్నాం: 'శస్త్రచికిత్స తర్వాత స్త్రీల ఆరోగ్య లక్ష్యం, వ్యాధి జ్ఞానం'. అర్థం పెద్దగా లేదు, కానీ ఇది సరిగ్గా పడితే మిగతావన్నీ పడతాయి. సాఫ్ట్‌వేర్ మార్చినా, ఫాంట్ మార్చినా ముందు ఇదే టైప్ చేసి చూస్తాం.

పత్రికల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో అలవాటైన పాత ఫాంట్లు యూనికోడ్‌వి (ఏ ఫోన్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదవగలిగే పద్ధతివి) కావు. వాటిలో టైప్ చేసిన మాటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి, వెతికినా దొరకవు. మొత్తం యూనికోడ్‌కే కట్టుబడ్డాం: లోపలి పాఠానికి నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకు రామభద్ర. పంక్తుల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిలో ఇరుక్కుంటుంది. కార్డు 1080 పిక్సెళ్ల చదరం, అందులో అక్షరం 48 పిక్సెళ్లకు తగ్గదు, ఒక కార్డులో 40 మాటలకు మించవు. అక్షరానికీ వెనక రంగుకూ తేడా నాలుగున్నరకు ఒకటి నిష్పత్తికి తగ్గకుండా చూశాం. పసుపు మీద తెల్ల అక్షరాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఎండలో ఒక్క ముక్క కనబడదు.

మాటల దగ్గర ఇంకా ఎక్కువ సేపు ఆగాం. 'సామాజిక దూరం' తీసేశాం. తెలుగులో ఆ మాట వినగానే అంటరానితనం గుర్తొస్తుంది, జబ్బు పడ్డవాళ్లను వెలివేయడానికి దారి చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే 'భౌతిక దూరం' అన్న మాటకు మళ్లింది. కార్డు మీద అదీ రాయలేదు. 'మనిషికీ మనిషికీ మధ్య ఒక బార ఖాళీ' అని రాసి చూశాం. బార అంటే ఏమిటని చిన్నవాళ్లు అడిగారు. చివరికి 'ఆరడుగుల ఎడం' ఖాయమైంది.

ఐసోలేషన్, క్వారంటైన్ రెండూ తెలుగువాళ్ల నోట నానిన మాటలే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తారు. వాటిని అనువదించలేదు, విప్పి చెప్పాం: 'జబ్బు ఉన్నవాళ్లు విడిగా ఉండటం', 'జబ్బు ఉన్నవాళ్లతో మెలిగినవాళ్లు తమకు వచ్చిందో లేదో తేలేదాకా విడిగా ఉండటం'. 'పాజిటివ్' అన్న మాటతో జాగ్రత్త. మంచి ఫలితం అనుకునేవాళ్లున్నారు. 'వైరస్ ఉందని తేలింది' అని రాసి, పక్కన రిపోర్టులో ఏ మాట కనబడుతుందో చూపించాం.

4వ వారం: రోజులు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి

చిన్న విషయంలా కనబడింది, నాలుగు రోజులు తినేసింది. 2020 మే 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసోలేషన్ నియమం మార్చింది. అంతకుముందు 24 గంటల తేడాతో రెండు పరీక్షల్లో నెగెటివ్ రావాలి. మార్చాక, లక్షణాలు మొదలైనప్పటి నుంచి 10 రోజులు, ఆపైన లక్షణాలేవీ లేకుండా కనీసం 3 రోజులు. లక్షణాలే లేనివాళ్లకు, పరీక్షలో తేలినప్పటి నుంచి 10 రోజులు. అప్పటి ఆ నియమాన్నే మాదిరిగా తీసుకుని కార్డు చేశాం.

'10 + 3' అని రాసిన కార్డును జట్టు బయటివాళ్లకు చూపించి, 'రెండు రోజుల్లో జ్వరం తగ్గితే ఎన్నాళ్లు విడిగా ఉంటారు?' అని అడిగాం. కొందరు 5 అన్నారు, కొందరు 10, కొందరు 13. సరైనది 13. నియమం స్పష్టంగానే ఉంది, తప్పు కార్డుదే. నియమాన్ని తీసేసి మూడు ఉదాహరణలు పెట్టాం: లక్షణాలు 2 రోజులుంటే 13 రోజులు, 14 రోజులుంటే 17, 30 రోజులుంటే 33. తర్వాత అడిగితే గందరగోళం చాలావరకు పోయింది. మొదటి రోజు ఏదన్నది ఇంకా మిగిలింది. ఒంట్లో బాగోలేని మొదటి రోజును సున్నాగా పట్టి, మర్నాటి నుంచి ఒకటి అని లెక్క పెట్టాలి. ఇది వాక్యంలో చెబితే ఎక్కలేదు, ఏడు గళ్ల క్యాలెండర్ బొమ్మ వేస్తే ఎక్కింది.

పరీక్ష పద్ధతి కూడా ఇక్కడే కుదిరింది. 'అర్థమైందా?' అని అడగం, అందరూ అయిందనే అంటారు. కార్డు పక్కన పెట్టించి 'ఇప్పుడు మీరేం చేస్తారు?' అని అడుగుతాం. ఐదుగురిలో ఇద్దరు తప్పు చెబితే కార్డు వెనక్కి.

5వ వారం: పుకార్లకు జవాబు

కనబడ్డ ప్రతి పుకారుకూ జవాబివ్వకూడదు. పది మందికి తెలియని అబద్ధానికి మనం జవాబిస్తే దాన్ని మనమే వెయ్యి మందికి చేర్చినట్టు. కాబట్టి ముందు లాగ్ పుస్తకం: పుకారు ఏ రూపంలో వచ్చింది, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్ని గ్రూపుల్లో కనబడింది, నమ్మితే ఏం జరుగుతుంది. మూడు వేర్వేరు చోట్ల కనబడేదాకా ఆగుతాం. ప్రాణం తీసేదైతే మాత్రం ఒక్కచోట కనబడినా చాలు.

ప్రాణం తీసేదానికి నమూనాగా మిథనాల్‌ను తీసుకున్నాం. 2020 తొలి నెలల్లో ఇరాన్‌లో మద్యం తాగితే వైరస్ చస్తుందన్న పుకారు నమ్మి మిథనాల్ కలిసిన సరుకు తాగి వందల మంది చనిపోయారు. చూపు పోయినవాళ్లూ ఉన్నారు. ఈ పుకారుకు బలం ఎక్కడిదంటే, అందులో ఒక నిజం ముక్క ఉంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకుండా ఉంటే వైరస్‌ను చంపుతుంది. 'అబద్ధం, నమ్మకండి' అని ఊరుకుంటే చదివినవాళ్ల మనసులో ఆ నిజం ముక్క అలాగే ఉంటుంది, మన జవాబే అబద్ధంలా కనబడుతుంది. అందుకని జవాబు ఇలా కట్టాం: 'ఆల్కహాల్ చేతుల మీది వైరస్‌ను చంపుతుంది. కడుపులోకి పోయిన ఆల్కహాల్ శ్వాసకోశంలోని వైరస్‌ను చేరి చంపలేదు. మద్యం తాగితే తగ్గుతుందని ఒక మాట తిరుగుతోంది, అది తప్పు. కల్తీ సరుకులో మిథనాల్ ఉంటే ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణం తీస్తుంది. ఎవరైనా తాగి ఉంటే చూపు మసకబారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.' నిజం ముందు, పుకారు మధ్యలో ఒక్కసారే, ఎందుకు తప్పో ఆ వెంటనే, చేయాల్సిన పని చివర.

పుకారు బొమ్మను తీసుకుని దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు వేయడం చాలామంది చేస్తారు. మేమూ వేసి చూశాం. రెండు కత్తిరింపుల తర్వాత ఇంటూ పోయి పుకారు మిగిలింది, అదీ మా లోగోతో. పుకారు బొమ్మ ఏ కార్డు మీదా రాకూడదన్నది అప్పుడు పెట్టుకున్న నియమం.

ఫార్వర్డ్ చేసినవాళ్లను తిట్టకూడదు. వాళ్లలో ఎక్కువమంది అయినవాళ్ల మీద బెంగతో పంపినవాళ్లే. 'మీరు పంపింది చూశాం, మంచి పని చేశారు అడిగి' అన్న మాటతో మొదలుపెడితే, దిద్దిన కార్డును వాళ్లే అదే గ్రూపులో పెడతారు. ఆ గ్రూపులోకి మనం వెళ్లలేం, వాళ్లు వెళ్లగలరు.

6వ వారం: పంపే దారులు

వాట్సాప్ గురించి తెలుసుకోవలసినవి: బ్రాడ్‌కాస్ట్ జాబితాలో (ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే జాబితా) 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మన నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. కొత్త నంబరుతో ఒకేసారి వందల మందికి పంపితే ఖాతా నిలిపేసే ప్రమాదం ఉంది. కాబట్టి చేరతామని వాళ్లంతట వాళ్లు మెసేజ్ పెట్టినవాళ్లనే చేర్చుకుంటూ మెల్లగా పెంచాం. గ్రూపుల్లో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. జబ్బు గురించి అడిగేవాళ్ల నంబరు బయటపడకూడదు కాబట్టి గ్రూపు వద్దనుకున్నాం. బ్రాడ్‌కాస్ట్ జాబితాలు, ఛానెల్ మాత్రమే ఉన్నాయి.

2020 ఏప్రిల్‌లో వాట్సాప్ ఒక పరిమితి పెట్టింది. ఐదు లేదా అంతకంటే ఎక్కువసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే ఫార్వర్డ్ చేయగలం. పుకార్లకు కళ్లెం వేయడానికి పెట్టిందే, కానీ అది మన కార్డుకూ వర్తిస్తుంది. పొడుగాటి గొలుసు మీద ఆధారపడితే నాలుగైదు చేతులు దాటాక నడక మందగిస్తుంది. గొలుసు పొట్టిగా, మొదళ్లు (మన దగ్గర్నుంచి నేరుగా తీసుకుని పంచేవాళ్లు) ఎక్కువగా ఉండాలి. స్కూలు గ్రూపులు, కాలనీ సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఇలా ఒకరితో ఒకరికి సంబంధం లేని మొదళ్లను వెతికి, వాళ్లు ఛానెల్ నుంచే నేరుగా తీసుకునేలా నేర్పాం.

కార్డు బొమ్మ 200 కేబీ లోపు. కిందే అదే సమాచారం యూనికోడ్ టెక్స్ట్‌గా కూడా వెళ్తుంది: వెతికితే దొరుకుతుంది, కంటిచూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. వీడియో నిలువుగా, 60 సెకన్లు, సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పెడితే ఏడున్నర ఎంబీ వస్తుంది. చాలామంది మ్యూట్ పెట్టి చూస్తారు కాబట్టి మాటలు తెర మీద కూడా పడాలి.

చదవలేనివాళ్ల కోసం 45 సెకన్ల వాయిస్ మెసేజ్. ఊరూ పేరూ లేని గొంతుతో, 'నాకు తెలిసిన డాక్టరు చెప్పారు' అంటూ వచ్చే ఆడియోలే పుకార్లను ఎక్కువగా మోస్తాయి. మన ఆడియో వాటిలో కలిసిపోకుండా ఉండాలంటే మొదటి వాక్యంలో తేదీ, ఎవరు మాట్లాడుతున్నారో. చివరి వాక్యంలో మళ్లీ తేదీ, ఎక్కడ సరిచూసుకోవాలో. తేదీ రెండుసార్లెందుకంటే ఆడియోను మధ్యలో కోసి పంపేవాళ్లుంటారు.

క్యూఆర్ కోడ్ తీసేశాం. కార్డు ఫోన్‌లోనే చూస్తున్నవాళ్లు అదే ఫోన్‌తో దాన్ని ఎలా స్కాన్ చేస్తారు? గోడకు అంటించే కాగితం మీద మాత్రమే ఉంచి, కార్డుల మీద నోటితో చెప్పగలిగేంత పొట్టి చిరునామా రాశాం.

7వ వారం: ఇన్‌బాక్స్, ఆక్సీమీటర్

పరీక్షగా ఇన్‌బాక్స్ తెరిచాం. రిపోర్టుల ఫొటోలు, మందుల చీటీలు వచ్చిపడతాయి. వాటిని చూసి వైద్యం చెప్పకూడదు, ఫోన్‌లో ఉంచుకోకూడదు, జట్టు గ్రూపులోకి ఫార్వర్డ్ చేయకూడదు. ప్రమాద సూచనలు (ఆయాసం, ఛాతీలో ఆగని నొప్పి, కొత్తగా వచ్చిన అయోమయం, పెదవులు నీలం తిరగడం) కనబడితే సిద్ధంగా ఉన్న ఒకే జవాబు: వెంటనే ఆస్పత్రికి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

ఆక్సీమీటర్ ప్రశ్నలకు విడిగా కార్డు కావాల్సి వచ్చింది. తెర మీద రెండు అంకెలుంటాయి, ఒకటి ఆక్సిజన్ శాతం, రెండోది నాడి. నాడి 88 చూసి ఆక్సిజన్ 88 అని కంగారుపడతారు. నాడి 98 చూసి ఆక్సిజన్ బాగుందని ఊరుకోవడం ఇంకా ప్రమాదం. ఇంకొకటి పరికరం చేతిలోకి తీసుకుంటే తప్ప తోచదు: తెరను తలకిందులుగా చూస్తే 98 కాస్తా 86లా కనబడుతుంది. కార్డు మీద పరికరం బొమ్మ వేసి, ఏ వైపు నుంచి చూడాలో బాణం పెట్టాం. అడుగులు: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, గోరు రంగు తీసేయాలి, వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి, అంకె కుదురుకునేదాకా నిమిషం ఆగాలి. 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి, 90 కంటే తగ్గితే అది అత్యవసరం. చామనఛాయ, నల్లని చర్మం మీద పరికరం అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది కాబట్టి, ఆయాసంగా ఉంటే అంకె బాగున్నా ఆగకూడదు. ఈ చివరి వాక్యాన్ని అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పెట్టించింది నర్సే.

8వ వారం: దిద్దుబాటు డ్రిల్

కార్డును పంపడం ఈ పనిలో సులువైన సగం. పంపేశాక వెనక్కి తెచ్చుకోలేం. వాట్సాప్‌లో 'అందరికీ డిలీట్' రెండున్నర రోజుల దాకానే పనిచేస్తుంది, అదీ మనం పంపిన చాట్‌లలోనే. ఫార్వర్డ్ అయిపోయిన కాపీల మీద మనకు హక్కేమీ లేదు. కాబట్టి కార్డు తన గడువు తానే చెప్పుకోవాలి. ప్రతి కార్డు నడిమధ్యలో, కత్తిరించలేని చోట మూడు ముక్కలుంటాయి: కార్డు నంబరు, తేదీ, 'ఈ తేదీ తర్వాత కొత్తది అడగండి'. నెలకో రంగు అంచు. ఆకుపచ్చ అంచు పోయిన నెలదని రెండు నెలలకే జనానికి అలవాటవుతుంది.

డ్రిల్‌లో ఐసోలేషన్ నియమం మారినట్టు ఊహించి గడియారం పెట్టాం. మొదటి ప్రయత్నంలో దిద్దిన కార్డు గడువులోపే తయారైంది, కానీ పాత కార్డు వెళ్లిన దారులన్నిటికీ వెళ్లలేదు. ఏ కార్డు ఏ మొదళ్లకు పంపామో ఎక్కడా రాసిపెట్టలేదు మరి! పట్టికలో ఇంకో గడి పెరిగింది. రెండో తప్పు: దిద్దిన కార్డు మీద పాత అంకె పెద్దగా, కొట్టివేతతో ఉంది, కొత్త అంకె దాని కింద. చూసినవాళ్లకు పాతదే గుర్తుండిపోయింది. ఇప్పుడు కొత్త అంకె ఒక్కటే పెద్దగా ఉంటుంది. కింద 'కార్డు 07 ఇక చెల్లదు', ఆ కింద ఎందుకు మారిందో ఒక్క వాక్యం.

ఆ ఒక్క వాక్యం దగ్గర జట్టులో వాదన నడిచింది. మార్పు ఎందుకో చెబితే నమ్మకం పోతుందని ఒక మాట. చెప్పకపోతేనే పోతుందన్నది రెండో మాట. గుడ్డ మాస్కుల గురించి 2020 జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా మారినప్పుడు ఆ ఎందుకన్నది అందరికీ చేరలేదు. పాత పోస్టూ కొత్త పోస్టూ పక్కపక్కన పెట్టి వెక్కిరించే బొమ్మలే చేరాయి. రెండో మాటకే కట్టుబడ్డాం. మొదటి కార్డు మీదే 'ఇది మారవచ్చు' అని రాసి ఉంటే, మార్పు వచ్చిన రోజున ఎవరూ మోసపోయామని అనుకోరు.

9వ వారం: ఏం కొలుస్తున్నాం

లైకులు చూడటం మానేశాం. చూసేవి రెండే. ఒకటి, కార్డు వెళ్లిన తర్వాత అదే ప్రశ్న ఇన్‌బాక్స్‌లో తగ్గిందా లేదా. రెండు, పాత రంగు కార్డు గడువు దాటాక ఎన్ని రోజులు తిరుగుతూ కనబడింది. రెండోదాన్ని లెక్కపెట్టడానికి మొదళ్లు సాయం చేస్తున్నారు. పాతది కనబడితే ఆ గ్రూపులోనే కొత్తది పెట్టి, మాకు కార్డు నంబరు మాత్రం పంపుతారు. పంపినవాళ్ల పేరు అడగం.

మిగిలిన పనులు: సైగల భాషలో బ్లీచ్, ఆక్సీమీటర్ వీడియోలు. డాక్టరుకు, నర్సుకు బదులు నిలబడేవాళ్లు ఒక్కొక్కరు, ఎందుకంటే మహమ్మారి వేళ వాళ్లిద్దరూ ముందు ఆస్పత్రిలో ఉంటారు. ఇంటర్నెట్ నెమ్మదించినప్పుడు ఎస్సెమ్మెస్‌గా పంపడానికి ప్రతి కార్డుకూ పొట్టి పాఠం. తెలుగు ఎస్సెమ్మెస్ యూనికోడ్‌లో వెళ్తుంది కాబట్టి ఒక మెసేజ్‌లో 70 అక్షరాలే పడతాయి, వత్తులూ గుణింతాలూ కలిపి లెక్క. బ్లీచ్ కార్డును రెండు మెసేజ్‌లలో ఇమిడ్చే ప్రయత్నం జరుగుతోంది. తేదీకి అందులో ఎనిమిది అక్షరాలు పోతాయి.